వచ్చేవాళ్ళ గది

ఎదుటివాడికి సుఖం తగ్గించడం కూడా ఒక విద్యే అనుకుంటే, ఆ విద్యలో తాళాలక్కను మించినవాళ్ళు లీగ్ మొత్తంలో లేరు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఏ గది తాళమైనా ఆమె గుత్తిలోనే ఉంటుంది కనుక ఆటగాళ్ళు ఆమెకు ఆ పేరు పెట్టుకున్నారు. క్లబ్ కమిటీలో ఆమె సభ్యురాలు కూడా. కానీ ‘మెంబరు గారూ’ అని పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

మైదానం పక్కన పొడుగాటి భవనం. అందులో రెండు డ్రెస్సింగ్ రూములు. ఒకటి మనవాళ్ళ గది, రెండోది వచ్చేవాళ్ళ గది. మనవాళ్ళ గదిలో బల్లలకు వీపు ఆనించుకోవచ్చు. మనిషికో అలమర, మనిషికో కొక్కెం. తలుపు పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా మూసుకుంటుంది. వచ్చేవాళ్ళ గదిలో బల్లలు కాస్త కురచ. ఎంత పేరున్న ఆటగాడైనా కూర్చున్నాడంటే మోకాళ్ళు గడ్డాన్ని పలకరిస్తాయి. అద్దం కాస్త పైకి ఉంటుంది. తలుపు లోపలికి తెరుచుకుని మొదటి బల్లను ఢీకొంటుంది. కుళాయిలో వేడినీళ్ళు రావని ఎవరూ అనలేరు, వస్తాయి. కాకపోతే అవి బయలుదేరి చేరేసరికి మనిషికి ప్రాణం విసుగుతుంది. గోడలకు చల్లారిన టీ రంగు. ఇందులో లీగ్ నిబంధనలు దాటినది ఒక్కటీ లేదు. ఆమె చదువుకున్న మనిషి. నిబంధనల పుస్తకం అంచు నుంచి అంచు దాకా చదివాకే వడ్రంగికి కొలతలు ఇచ్చింది.

అందుకే ఏ జట్టు మేనేజరైనా ఊళ్ళో దిగగానే ముందు ఆ గదికే వస్తాడు. కుళాయి తిప్పుతాడు. బల్ల మీద కూర్చుని లేస్తాడు. “అక్కా, ఇదేమన్నా న్యాయమా?” అంటాడు. “బల్ల ఎత్తు ఎంతుండాలో పుస్తకంలో రాయలేదు బాబూ,” అంటుంది ఆమె. ఆ తగువు పడనిదే మర్నాడు మ్యాచ్ ఉన్నట్టే అనిపించదు.

అలాంటి మనిషి ఇంటికి ఒకరోజు సాయంత్రం క్లబ్ ప్రెసిడెంటు వచ్చాడు. ప్రెసిడెంటంటే పరాయివాడు కాదు, ఆమెకు సొంత అన్న. వస్తూనే సోఫాలో కూలబడి, “మన లీగ్ దేశం దాటబోతోంది!” అన్నాడు.

“పాస్‌పోర్ట్ ఉందా బావా దానికి?” అన్నాడు తాళాలక్క భర్త. ఆయనకు కళ్ళద్దాల షాపు ఉంది. రోజంతా జనాన్ని అక్షరాలు చదివించీ చదివించీ, ఇంటికొచ్చాక నవ్వించకపోతే ఆయనకు తోచదు.

“హాస్యం కాదు బావా. సరిహద్దు అవతల ఉన్న పట్నంవాళ్ళు మన లీగ్‌లో చేరతామంటున్నారు. కొత్త స్టేడియం కట్టారట. జనం ఎగబడి వస్తారట. టీవీవాళ్ళు కూడా సిద్ధం. క్లబ్బుకో ఓటు. వాళ్ళ కోచ్, మేనేజరు ఎల్లుండి మన క్లబ్బు చూడ్డానికి వస్తున్నారు. మర్నాడు సాయంత్రం మన కమిటీ కూర్చుని అవునో కాదో తేల్చేస్తుంది. చెల్లీ, గదులన్నీ నువ్వే చూపించాలి.”

“మనం ఆటకి అంత దూరం పోవాలా? ప్రతిసారీ సరిహద్దులో లైను కట్టి, సంచులు విప్పి చూపించి?”

“అభివృద్ధి అంటే కొంచెం నడుం నొప్పి ఉంటుందే.”

“సరే. పది జట్లు ఇప్పుడు. వాళ్ళొస్తే పదకొండు. వారం వారం ఒక జట్టు ఆట లేక ఖాళీగా కూర్చోవాలి కదా అన్నయ్యా? పన్నెండో జట్టు ఎవరన్నా ఉన్నారా?”

“లేరు.”

“మరి?”

“అవన్నీ లీగ్‌వాళ్ళు చూసుకుంటారు. ప్రతిదానికీ ఈకలు పీకుతావు నువ్వు!” అని ఆయన టీ కప్పు అందుకుని చెంచాతో కలపడం మొదలుపెట్టాడు.

డాక్టరు వద్దన్నప్పటి నుంచీ ఆయన టీలో చక్కెర వేసుకోడు. చక్కెర లేని టీని అంతసేపు ఎందుకు కలుపుతున్నాడా అని తాళాలక్క చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పుడు కూడా అంతే. ఏదైనా దాచినప్పుడు ఆయన చేతులకు పని కావాలి.

ఆయన వెళ్ళాక, “మా అన్నయ్య ఏదో మింగుతున్నాడండీ,” అంది భర్తతో.

“టీ మింగాడు. నేను చూశాను.”

“నేను నిజంగా అంటున్నా.”

“నా షాపులో దూరపు చూపుకి అద్దాలున్నాయి, దగ్గర చూపుకి ఉన్నాయి. నీది అడ్డచూపోయ్. దానికి లేవు.”

అనుకున్న రోజుకు వాళ్ళు వచ్చారు. వెంట లీగ్ కార్యదర్శి ఉన్నాడు. మెడలో టై, ముఖాన నవ్వు, రెండూ బిగించి కట్టుకున్నట్టున్నాడు. వాళ్ళ కోచ్ గుమ్మాలకు తల వంచి నడవాల్సినంత పొడుగు. మేనేజరు ముప్పై దాటని అమ్మాయి, చక్కగా మాట్లాడుతుంది. భాష ఇద్దరిదీ మనదే; యాసలో మాత్రం మాట చివర సాగదీస్తారు.

అలవాటు ప్రకారం తాళాలక్క ముందు వచ్చేవాళ్ళ గది తాళం తీసింది. తలుపు తోసి, పక్కకు జరిగి, ఎప్పుడూ వినే తగువు కోసం మనసులోనే నడుం బిగించింది. పొడుగాయన గుమ్మంలోంచే ఒకసారి లోపలికి చూశాడు. “బావుందండీ,” అన్నాడు. మేనేజరు అమ్మాయి అదీ చూడలేదు. “అవతలి గది ఇటేనా?” అని అప్పటికే నడుస్తోంది.

బావుందట! ఆ గదిని ఇన్నేళ్ళలో ఎవరూ బావుందన్న పాపాన పోలేదు. తాళాలక్కకు అవమానమే జరిగినట్టయింది.

మనవాళ్ళ గదిలో మాత్రం ఇద్దరూ తిష్ఠ వేశారు. ఆ అమ్మాయి ప్రతి అలమరా తెరిచి చూసింది. కొక్కేలకు ఫోటోలు తీసింది. “ఆటగాళ్ళు కూర్చునే వరస ఎవరు నిర్ణయిస్తారండీ? అందరికీ అలవాటైపోయిందా?” అని అడిగింది. పొడుగాయన బల్ల మీద వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాడు పిల్లని వదిలేసి ఇల్లు కొలుస్తున్నట్టు తోచింది ఆమెకు.

ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది.

“వాళ్ళు కొత్తగా కట్టుకుంటున్నారు కదోయ్. మంచి గది ఎలా ఉండాలో చూసి నేర్చుకోవద్దూ? చెడ్డ గది చూసి ఏం నేర్చుకుంటారు?”

“మన ఊరికొచ్చి ఆడేటప్పుడు వాళ్ళు కూర్చోవాల్సింది ఆ చెడ్డ గదిలోనే కదండీ. పిల్ల నచ్చలేదన్నా అర్థముంది. పిల్లని చూడనే లేదంటే?”

ఆయన నవ్వబోయి ఆగాడు. “నువ్వన్నదీ నిజమే,” అని మళ్ళీ సర్దుకుని, “అయినా ఒక్క రుజువుతో మనిషిని ఉరితీయకూడదు,” అన్నాడు.

సరే, ఇంకోటి చూద్దామనుకుంది.

మర్నాడు ఉదయం అతిథులు ప్రాక్టీసు చూడడానికి వచ్చారు. తాళాలక్క పొడుగాయన్ని ప్రత్యేకంగా పిలిచి వచ్చేవాళ్ళ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కురచ బల్ల మీద ఆయన మడత కుర్చీలా ముడుచుకున్నాడు. కప్పు పెట్టుకోవడానికి మోకాలు తప్ప చోటు లేదు.

“మీతో దాపరికం ఎందుకు బాబూ,” అంది ఆమె, “ఈ కుళాయిలో వేడినీళ్ళు రావడం బాగా ఆలస్యం. చలికాలంలో మీ పిల్లలు ఇబ్బంది పడతారేమో. కావాలంటే బాగు చేయిస్తాను.”

ఆమె జన్మలో ఎవరికీ అలాంటి మాట ఇచ్చి ఎరగదు. నిజంగా ఆడడానికి వచ్చేవాడైతే ఆ మాటకు ఎగిరి గంతేసి, బల్లలు కూడా మార్చమంటాడు.

“అయ్యో, మా కోసం మీకెందుకండీ శ్రమ!” అన్నాడాయన. ముఖం చూస్తే పాపం, మర్యాదగానే అంటున్నాడు. ఆ మర్యాద చూసే తాళాలక్క గుండెల్లో రాయి పడింది.

తర్వాత ఇద్దరూ గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నారు. కింద మనవాళ్ళు బంతి ఒకరికొకరు అందించుకుంటున్నారు. ఎదుటి జట్టు కోచ్‌లు ఇలా కూర్చున్నప్పుడు ఏమడుగుతారో ఆమెకు కంఠతా వచ్చు. ఆ కుర్రాడిది ఎడమ కాలా కుడి కాలా? వీడి మోకాలు నయమైందా? గోల్‌కీపరు కుడివైపు దూకుతాడా? అలాంటివాటికి ఆమె అబద్ధాలు ముందే సిద్ధం చేసుకుని ఉంచింది.

పొడుగాయన గోల్‌కీపరు వంక చూపించి, “అతనికి పిల్లలున్నారా?” అన్నాడు.

“ఒక పాప.”

“ఏం చదువుతోంది?”

“మూడో తరగతి.”

“మరి ఆ డిఫెండరు? పెళ్ళయిందా? భార్య ఉద్యోగం చేస్తుందా?”

సిద్ధం చేసుకున్న అబద్ధాల్లో ఒక్కటీ పనికి రాలేదు. తాళాలక్క నిజాలే చెప్పింది. ఓడించాలనుకునేవాడికి గోల్‌కీపరు చెయ్యి కావాలి గాని, గోల్‌కీపరు కూతురి చదువుతో ఏం పని? పిల్లకి బడి ఎవరు వెతుకుతారు? ఇల్లు మారేవాళ్ళు. ఇల్లు మార్పించేవాళ్ళు.

పదకొండు కాదు. పది పదిగానే ఉంటుంది. వాళ్ళు కొత్త జట్టు తేవడం లేదు. ఉన్న జట్టొకటి ఎత్తుకెళ్ళి అక్కడ పెట్టుకుంటారు. ఆ జట్టు ఇదే.

కింద గోల్‌కీపరు ఆమెను చూసి చెయ్యూపాడు. ఆమె కూడా ఊపింది. ఈ ఊళ్ళో శనివారం మధ్యాహ్నమైతే కొట్లు మూసి, కుర్చీలు మోసుకుని, ముసలివాళ్ళని ఆనించుకుని జనం నడిచొచ్చే చోటు ఇదొక్కటే. ఇది పోతే మిగిలేది గడ్డి, ఎవరూ అడగని రెండు గదుల తాళాలు.

అన్నను నిలదీద్దామా అనుకుంది. నిలదీస్తే ఏదో ఒకటి కలుపుతూ కూర్చుంటాడు. తీరా తన అనుమానం తప్పయితే, అడ్డచూపు అన్న పేరు ఇంట్లోంచి వీధిలోకి వస్తుంది. కమిటీ ముందే అడుగుదాం, అదీ అన్నను కాదు అనుకుంది.

సాయంత్రం క్లబ్బు ఆఫీసు గదిలో కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు, తాళాలక్క, ఒకప్పుడు జట్టుకు కెప్టెన్‌గా ఉన్న పెద్దాయన, పళ్ళ డాక్టరు, ఆటగాళ్ళను ఊళ్ళకు తిప్పే బస్సుల యజమాని: ఇంతే కమిటీ. ముందు అతిథులతో కలిసి టీ, తర్వాత వాళ్ళు బయటికి వెళ్తే ఓటింగ్ అని ఏర్పాటు.

కార్యదర్శి చాలాసేపు మాట్లాడాడు. లీగ్ ఎదగాలన్నాడు. ఎల్లలు చెరిగిపోవాలన్నాడు. పొరుగువాళ్ళతో స్నేహమన్నాడు.

“స్నేహానికేం గాని, అక్కడ రిఫరీ ఎవడి మాట వింటాడు?” అన్నాడు పెద్దాయన.

“రిఫరీ ఎక్కడా ఎవరి మాటా వినడు కెప్టెన్ గారూ. మీరు ఆడేటప్పుడు విన్నాడా?” అన్నాడు పళ్ళ డాక్టరు.

“నా మాట విననందుకేగా వాణ్ణి నీ దగ్గరికి పంపించాను, ముందు పళ్ళు కట్టించుకోమని!”

అందరూ నవ్వారు. బస్సులాయన, సరిహద్దు దాకా రోడ్డు ఎలా ఉంది, రాత్రి బస్సు వేస్తే ఎన్ని సీట్లు నిండుతాయి అని ఆరా తీశాడు. ఆయనది ముందే సరే అని తేలిపోయింది. ప్రెసిడెంటు ఎవరి వంకా చూడకుండా బల్ల మీది కాగితాలు తట్టి సరిచేస్తున్నాడు. అవి అప్పటికే సరిగ్గా ఉన్నాయి.

తాళాలక్క కార్యదర్శిని అడగలేదు. ఆయన టై లాగే ఆయన జవాబులూ ముడి వేసి ఉంటాయి. మేనేజరు అమ్మాయి వైపు తిరిగి, మామూలు గొంతుతో అడిగింది.

“ఏమ్మా, మ్యాచ్‌కి మా ఊరొచ్చినప్పుడు మీ పిల్లల్ని ఆ గదిలో ఎలా సర్దుతావు? నిన్న సరిగా చూడనే లేదు.”

అమ్మాయి కప్పు కింద పెట్టింది. “ఇక్కడికా అండీ?” అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. “ఇక్కడ ఇంకెవరితో ఆడతాం?”

గదిలో ఎవరి కప్పు ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది.

ఆ అమ్మాయి ఒక్కొక్కరి ముఖం చూసింది. పొడుగాయన వైపు తిరిగింది. తర్వాత కార్యదర్శి వైపు. “వీళ్ళకి చెప్పలేదా? జట్టు మొత్తం మా దగ్గరికి వస్తుందని, పేరులో సగం మీదే ఉంచుతామని... మీరే కదా అందరూ ఒప్పుకున్నారన్నారు?”

“అదీ... అది తర్వాతి దశలో పరిశీలించే ఒక...” కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

“పిల్లల బళ్ళ గురించి కూడా కనుక్కుంటున్నాం మేం,” అన్నాడు పొడుగాయన నెమ్మదిగా. ఆయన ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. “మేం బయట ఉంటామండీ. క్షమించండి, మాకు తెలియదు.”

ముగ్గురూ వెళ్ళాక తలుపు మూశారు. పెద్దాయనే ముందు తేరుకున్నాడు.

“వద్దనేవాళ్ళు చేతులెత్తండి,” అని తన చెయ్యి ఎత్తాడు. అడిగేది ప్రెసిడెంటు పని అన్నది ఆయనకూ గుర్తు లేదు, మిగతావాళ్ళకూ గుర్తు రాలేదు.

తాళాలక్క చెయ్యెత్తింది. పళ్ళ డాక్టరు చెయ్యెత్తాడు. బస్సులాయన చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. అప్పుడు, అందరికంటే ఆఖరున, ప్రెసిడెంటు చెయ్యి లేచింది.

“ప్రెసిడెంటు కూడా వద్దన్నాడు! అదీ మనిషంటే!” అని పెద్దాయన బల్ల గుద్దాడు.

తాళాలక్క బల్ల గుద్దలేదు. అయిదుగురిలో మూడు చేతులు లేచాక నాలుగో చెయ్యి లేవడానికి బలమేమీ అక్కర్లేదు. ఏ ఎండకా గొడుగు పట్టే చెయ్యి కూడా అలాగే లేస్తుంది.

కార్యదర్శిని లోపలికి పిలిచారు. ప్రెసిడెంటు, “మా కమిటీ ఒప్పుకోలేదండీ. జట్టు ఇక్కడే ఉంటుంది,” అన్నాడు.

“కమిటీ సంగతి సరే. మీరు?”

“నేనూ ఒప్పుకోలేదు.”

“నిన్న ఫోన్లో సరేనన్నారు కదండీ ప్రెసిడెంటు గారూ! అందరినీ నేను చూసుకుంటానన్నారు!”

నాలుగు జతల కళ్ళు ప్రెసిడెంటు మీద వాలాయి. పాపం, ఆ క్షణాన బల్ల మీద సరిచేయడానికి కాగితం ముక్క కూడా దొరకలేదు.

“అన్నానండీ,” అన్నాడాయన చివరికి. “నిన్నటికి మా చెల్లెలు ఇంకా అడగలేదు.”

అందరూ వెళ్ళిపోయారు. అతిథుల కారు గేటు దాటేముందు ఆ అమ్మాయి దిగొచ్చి తాళాలక్క చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. ఆఫీసు గదిలో అన్నాచెల్లెళ్ళు మిగిలారు. ఆమె కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. ఆయన కుర్చీలు గోడకు జరుపుతున్నాడు.

“గ్యాలరీ సగం ఖాళీగా ఉంటోంది చెల్లీ. కుర్రాళ్ళు ఒక్కొక్కడే జారుకుంటున్నారు. ఇంకో రెండేళ్ళకి జట్టు దానంతటదే పోతుంది. అక్కడన్నా బతుకుతుందనుకున్నా. పేరులో సగం మనదే ఉంచుతామన్నారు.”

“ఊళ్ళో లేని జట్టుకి ఊరి పేరెందుకు? సగమైతే మాత్రం ఏం చేసుకుంటాం?”

ఆయన ఇంకో కుర్చీ అందుకున్నాడు.

“నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?”

“చెప్తే ఒప్పుకోవు.”

“ఒప్పుకోనని తెలిసీ గదులు చూపించే పని నాకే ఎందుకు అప్పజెప్పావు? తాళాలు పుచ్చుకుని నువ్వే చూపించుకోవచ్చు కదా. పిల్లికి తెలియకుండా పాలు దాచాలనుకున్నవాడు పిల్లినే కాపలా పెడతాడా?”

కుర్చీ ఆయన చేతుల్లోనే ఆగింది. “నువ్వు కనిపెడతావనే ఇచ్చానేమోనే,” అన్నాడు. “కాదని నేను అనలేకపోయాను. నువ్వంటావని...”

తాళాలక్క ఆయన ముఖంలోకి చూసింది. చిన్నప్పటి నుంచీ చదివిన ముఖం అది. ఇప్పుడు మాత్రం ఒక్క అక్షరం కుదురుగా లేదు. ఆ మాట నిజమైతే అన్న పిరికివాడు. అబద్ధమైతే గడుసువాడు. రెంటిలో ఏది నయమో ఆమెకు తోచలేదు.

“ఈ మాట ముందే ఉందా, ఇప్పుడే పుట్టిందా?”

“నాకే తెలీదే,” అన్నాడాయన. ఆ వారంలో ఆయన ఏమీ కలపకుండా, తట్టకుండా, జరపకుండా అన్న మాట అదొక్కటే.

ఆమె కప్పులున్న పళ్ళెం ఎత్తి మళ్ళీ దించింది. “వచ్చేవారం లీగ్ మీటింగ్ ఉంది కదా. అక్కడ ఏమంటావు?”

“పరాయి దేశంవాళ్ళు వద్దంటాను. అంతే కదా?”

“అంతే కాదు. వాళ్ళ పిల్లల్ని వాళ్ళు తయారు చేసుకుని, వాళ్ళ జట్టుతో వాళ్ళు వస్తామంటే రానీ. ఇంకో జట్టుని కూడా వెతకమను, పన్నెండవుతాయి. బస్సులాయనకీ ఆనందం. ఉన్న జట్టుని ఎత్తుకుపోతామంటే మాత్రం, మనది కాకపోయినా సరే, మరో ఊరివాళ్ళది అయినా సరే, కాదనాలి. మనది తప్పింది కదా అని పక్క ఊరి పేరు ఇస్తారు చూడు, అప్పుడు నువ్వు చెయ్యెత్తకూడదు.”

“సరే.”

“ఫోన్లో ఎన్ని సరేలు అన్నావో నాకేం తెలుసు? నేనూ వస్తాను.”

“నా మీద నమ్మకం లేదా?”

“ఉంటే ఇంట్లో కూర్చునేదాన్ని.”

ఆయన నవ్వుదామా వద్దా అన్నట్టు చూశాడు. ఆమె నవ్వలేదు.

“పొద్దున్నే బయలుదేరాలి మరి,” అన్నాడు. “బావకి వంట ఎవరు...”

“ఆయన వండుకుంటారు. నువ్వు కారు మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టు. నేను ముందు సీట్లో కూర్చుంటాను.”